టీచరుగారింట్లో చేపల వాసన

మా చిన్నప్పుడు... పటమటలో మేం అద్దెకున్న వరస ఇళ్లలో చివరి వాటాలోకి ఒక సాయంత్రం బర్మా అత్తయ్య దిగింది. వెంట భర్త, చంకలో పిల్ల, రిక్షాలో ఒక ట్రంకుపెట్టె. రంగూన్‌లో సొంత కొట్టు ఉండేదట... అక్కడ ఉండనివ్వక వచ్చేశారు. ఆవిడ మాట్లాడేది మన తెలుగే అయినా పిల్లలం సినిమా చూసినట్టు నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

అన్నీ బాగానే ఉన్నాయి... ఒక్క వాసన తప్ప. చేపల్ని ఊరబెట్టి నూరిన ముద్ద ఒకటి ఆవిడ కూరలో వేసేది. అది పొయ్యి మీద పడిందంటే వరసంతా కిటికీలు మూతపడేవి.

అద్దె కోసం పామర్రు నుంచి వచ్చే ఓనరుగారి ముక్కుకి ఓసారి అది తగిలింది. "మళ్లీ ఈ కంపు వచ్చిందంటే సామాన్లు బయట పెట్టిస్తా" అని చెప్పి వెళ్లారు. అంతకుముందున్న ఇల్లూ ఇలాగే పోయిందట వాళ్లకి. అప్పట్నుంచి అత్తయ్య ఆ ముద్ద జోలికే పోలేదు.

తర్వాత భర్త జ్వరంపడి లేచాడు... అన్నం సయించడం లేదు. నోటికి హితవుగా ఉంటుందని ఒక్క పూట వేసింది. ఓనరుగారు సరిగ్గా ఆ పూటే దిగారు... దేవుడి టైమింగు అలాంటిది.

ఆయన నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. మా అమ్మ బడిపంతులమ్మ. ఉల్లిపాయ తరిగినా చేతులు తోముకునే శుద్ధ శాకాహారి. అబద్ధమాడానని ఆ వారమే నాచేత గోడకుర్చీ వేయించిన ధర్మమూర్తి.

"టీచరుగారూ, మీరు అబద్ధం చెప్పరు. ఆ కంపు చివరి వాటాలోదేగా?"

అవతల అత్తయ్య పిల్లని పొదువుకుని నిలబడి ఉంది. అమ్మ అటు చూసింది... కొంగు సర్దుకుంది.

"కాదండీ. మాదే."

"మీ ఇంట్లో... చేపలా?"

"పిల్లాడు నీరసంగా ఉన్నాడండీ. డాక్టరుగారు పెట్టమన్నారు."

ఆ నీరసపు పిల్లాణ్ని నేనే. బుగ్గలో ఉన్న ఇడ్లీని హడావిడిగా మింగి, చేతనైనంత దీనంగా దగ్గాను. నా నటజీవితంలో తొలి వేషం, తుది వేషం అదే.

పక్కవాటా మేరమ్మ ఆంటీ, ఆస్పత్రిలో నర్సు, గోడమీంచి అందుకుంది. "అవునండీ, నేనే వండిచ్చా. వీడికి ఒంట్లో రక్తమే లేదు పాపం."

ఓనరుగారు నా బొజ్జ వంక చాలాసేపు చూశారు. కానీ టీచరుగారి మాట ఎలా కాదంటారు... "తలుపులేసుకుని వండుకోండమ్మా" అని బస్సుకి వెళ్లిపోయారు.

నేను ఊరుకుంటానా... "అబద్ధం కదమ్మా, గోడకుర్చీ వేస్తావా మరి?" అన్నాను.

"వేస్తాలేరా. ముందు ఆ పిల్లని ఇలా ఎత్తుకురా. వాళ్లమ్మ ఏడుస్తోంది."

ఆ కుటుంబం ఆ వాటాలో ఏళ్ల తరబడి ఉంది. ఆ పిల్ల మా అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దింది.

ఇప్పుడు మా అపార్టుమెంటులో ప్రతి వంటింటికీ చిమ్నీ ఉంది... పక్కింటి వాసన రాదు, పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలియదు. నాకు డిగ్రీ ఉంది, ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. అయినా అమ్మ ఆడిన ఆ ఒక్క అబద్ధం మీద ఉన్నంత గర్వం దానిమీద లేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి అబద్ధాలకోరు మహానుభావులు ఉండే ఉంటారు... ఎవరి కోసం, ఏమని ఆడారో చెప్పండి. వినాలనుంది.