డబ్బా పైకి వెళ్ళిన మూడు వారాలు

రోప్‌వే కింది స్టేషన్లో ఆయన బ్రేకు పట్టి ఇరవై రెండేళ్ళు. అందరూ బ్రేకాయన అంటారు. భార్య పై స్టేషన్లో టికెట్లు చింపుతుంది, అక్కడే గదిలో ఉంటుంది. వారానికొక రోజు ఆవిడే కిందికి దిగుతుంది. ఆయన పైకి వెళ్ళలేడు. వెళ్ళిన రెండుసార్లూ ఆయాసంతో కూలబడితే అదే క్యాబిన్లో దించేశారు.

ఈ ఏడాది పైన బ్రేకు ఉద్యోగం ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టాడు. ఆరోగ్య పరీక్ష నెలాఖరున.

కంపెనీ డాక్టరమ్మ ఆయన చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"మలపరీక్షకి. ఎత్తును బట్టి కడుపులో బాక్టీరియా మారతాయంటున్నారు. గుండెకీ ఊపిరితిత్తులకీ వాటితో ఏమన్నా సంబంధం ఉందేమోనని చూస్తున్నాం. ఇంకా ఏదీ తేలలేదు."

ఆయనకు మాత్రం తేలిపోయింది. తప్పు తనది కాదు, కడుపులో ఉన్నవాళ్ళది. పాపం, ఎత్తు ఎరగనివాళ్ళు. రోప్‌వేలో కొత్తగా చేరినవాణ్ణి మూడు వారాలు ఊరికే పైకీ కిందికీ తిప్పుతారు. ఆ తరువాతే బ్రేకు ముట్టుకోనిస్తారు. వీళ్ళకీ అంతే.

మర్నాడు మొదటి క్యాబిన్లో, నిండిన డబ్బాను సీటు మీద పెట్టి, బెల్టు బిగించి పైకి పంపాడు. కాసేపటికి ఫోను మోగింది.

"ఏమండీ, ఇదేంటి?"

"నేనే. కొంచెం."

అవతల బెల్టు విప్పిన చప్పుడు.

"ఇన్నేళ్ళకి పైకొచ్చారు. ఇలాగా!"

"ఎండ తగలనీకు. సాయంత్రం దింపెయ్."

డబ్బా రోజూ వెళ్ళింది, రోజూ వచ్చింది. మూడో వారం ఆవిడే ఫోను చేసింది. "ఇవాళ మంచు పట్టింది. శాలువా కప్పాను."

పరీక్ష రోజున డాక్టరమ్మ మూత తీసి, వెంటనే మూసింది.

"ట్రైనింగ్ పూర్తయింది," అన్నాడు.

"పెద్దాయనా, వీళ్ళు పోయి చాన్నాళ్ళయింది."

ఆయన టోపీ తీశాడు.

"డ్యూటీలోనా?"

"డ్యూటీలోనే."

"మరి కడుపులో ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు. వాళ్ళు ఎక్కాలంటే మీరే ఎక్కాలి. అదీ మెల్లగా. సగం దూరంలో కొన్నాళ్ళుండండి, చూద్దాం."

సగం దూరంలో ఒక స్తంభం, దాని పక్కన ఒక అరుగు, గ్రీజు డబ్బాల గది. అక్కడ ఎవరూ ఎక్కరు, దిగరు. ఆఫీసువాళ్ళు ఆయన్ని అక్కడికి వేశారు. నెల తిరిగేసరికి మెట్లెక్కినా ఆయాసం రాలేదు. ఇంకాస్త పైకి తీసుకెళితే మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద 'సగానికి పనికొస్తాడు' అని రాసి సంతకం పెట్టింది.

ఆయన పైకి ఫోను చేశాడు.

"సగం దాకా వచ్చాను."

"మిగతా సగం?"

"కడుపులో వాళ్ళు ఒప్పుకోవడం లేదు."

ఆ సాయంత్రం చివరి క్యాబిన్ అరుగు దగ్గర ఆగింది. ఆవిడ పరుపుచుట్టతో దిగింది. గది చూసింది. ఇద్దరికి ఇరుకు.

"కడుపులో వాళ్ళకి చెప్పండి," అంది, "కాస్త జరగమని."