బావ గమ్ముతో అతికించిన రైలు

మా బావది రైల్వే ఉద్యోగం. రైల్వే అంటే ఇంజన్లు, పట్టాలు అనుకునేరు. ఆయన చూసేది జీతాల బిల్లులు. అయినా ఉప్పుగూడలో మా ఇంటికి వచ్చినప్పుడు స్టేషన్‌లో బండి ఆగిన చప్పుడు వినబడితే చాలు, "బ్రేకు సరిగ్గ పడ్తలేదు" అని తీర్పు చెప్పేవాడు.

నాకేమో బొమ్మ రైళ్ల పిచ్చి. ఒక క్రిస్మస్‌కు మా అక్క, బావ మొఘల్‌పురా నుంచి ముందుగానే వచ్చారు. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల చుట్టూ రైలు తిప్పితే బాగుంటుందని అక్క అడిగింది. ఇంజనూ, రెండు పెట్టెలూ నేను కొత్తగా కొన్నవి. మూడు గూడ్సు డబ్బాలు మాత్రం చార్మినార్ దగ్గర పాత సామాన్ల బండి మీద దొరికినవి. చూడ్డానికి అంతా ఒకే రైలు. కానీ ఆ డబ్బాల కొక్కేలు మిగతా వాటికన్నా కిందికి ఉన్నాయి. మలుపులో పట్టా కాస్త లేచే చోట ఒక కొక్కెం ఇంకోదాని నుంచి జారిపోయేది. ఇంజన్ ముందుకు పోయేది, డబ్బాలు అక్కడే నిలబడేవి.

"గింత దానికి గంత ఆలోచన ఏంది బామ్మర్ది? గమ్ము పెట్టి అతికియ్యి, ఖతం" అన్నాడు బావ.

"అతికిస్తే మలుపు తిరగయి బావా. కొక్కెం ఆడాలె."

"రైల్వేల చేసెటోన్ని. నాకే చెప్తవా?"

నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి డబ్బాలన్నీ కర్రలా బిగుసుకుపోయి ఉన్నాయి. బావ గర్వంగా స్విచ్ వేశాడు. తిన్నటి పట్టా మీద రైలు బాగానే పోయింది. మలుపు రాగానే డబ్బాలన్నీ కలిసికట్టుగా పట్టా దిగి పాకలోకి దూరాయి. ఇద్దరు గొర్రెల కాపరులు బోర్లాపడ్డారు. ఒక గొర్రె మెడ విరిగింది.

"పట్టాలే వంకర ఉన్నయి" అన్నాడు బావ, ఏమాత్రం తొణక్కుండా.

నేను నోరు విప్పితే పండగ చెడుతుందని బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. గమ్ము గీకేసరికి వేళ్లు మండాయి. ఇంజన్ కొక్కెం ఎత్తులో ఒక అట్టముక్క మీద గీత గీసి, ప్రతి డబ్బానూ దాని పక్కన పెట్టి చూశాను. తక్కువున్న వాటికి చక్రాల స్క్రూ ఊడదీసి, చక్రాలకూ డబ్బాకూ మధ్య సన్నటి ప్లాస్టిక్ రింగులు వేశాను. ఆ రింగులు పెరుగు డబ్బా మూత నుంచి అక్క కత్తిరించి ఇచ్చింది. ఒక డబ్బా గీత దాటి పైకి లేస్తే, రింగు తీసి ఆకురాయితో పలచగా అరగదీసి మళ్లీ పెట్టాను. కొక్కేలన్నీ గీతకు సరిపోయాక రైలు ఎక్కడా తెగకుండా తిరిగింది.

సాయంత్రం ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ క్యారల్స్ పాడేవాళ్లు వచ్చారు. రైలును చూసి ముచ్చటపడ్డారు. నేను టీ కప్పులతో వచ్చేసరికి బావ మధ్యలో నిలబడి చెబుతున్నాడు: "మా రైల్వేల గిట్లనే లెవెల్ చేస్తం." అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఆయన ఫోన్ చేశాడు. "మా ఆఫీసర్ కొడుకు రైలుకు గూడ గదే లొల్లి. మా బామ్మర్ది నా దగ్గర నేర్చుకున్నడు, పంపిస్త అని చెప్పిన. ఆదివారం పో."

"నేర్పినోళ్లు ఉండంగ నేర్చుకున్నోడు ఎందుకు బావా? మీరే పోండ్రి" అని ఫోన్ పెట్టేశాను.

ఈస్టర్ దాకా ఆయన మా గడప తొక్కలేదు. అక్క ఒక్కతే వచ్చి వెళ్లేది. ఆ కొన్నాళ్లూ మా ఇంట్లో అన్నం ప్రశాంతంగా తిన్నాం.