కొట్టేయని గీత

మంగళవారం పొద్దున చాండ్లర్ నుంచి ఫోన్ వచ్చింది. "అంకుల్, అమ్మ పోయింది. ఎవరికి చెప్పాలో అమ్మే రాసిపెట్టింది. మీ పేరు ఫస్ట్ ఉంది," అంది అమ్మాయి, అమెరికన్ యాసలో ఒక్కో మాటా వెతుక్కుంటూ. జబ్బు సంగతి ఆవిడ నాకు చెప్పనే లేదు. నాకు ప్రయోగం చేయడం నేర్పిన మనిషి. ల్యాబ్‌లో ఆవిణ్ణి నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

అప్పట్లో నేను నేపర్‌విల్ నుంచి రైల్లో షికాగోలోని ఆ ల్యాబ్‌కి వెళ్లేవాణ్ణి. ఆవిడ అప్పటికే ఏడేళ్లుగా అక్కడ ఉంది. భర్త, కూతురు చాండ్లర్‌లో, విమానంలో నాలుగు గంటల దూరంలో. ఆయనది కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం. ఈవిడ ల్యాబ్ మారితే గ్రీన్‌కార్డ్ కాగితాలు మళ్లీ మొదటికొస్తాయి. అందుకని సాయంత్రాలు కణాలు పెంచే ఇంక్యుబేటర్ పక్కన నిలబడి ఫోన్‌లో కూతురికి లెక్కలు చెప్పేది. "ఇంకొక్క ఏడాది," అని ప్రతి ఏడాదీ అనేది.

మేం చూసే వైరస్ ఒకసారి ఒంట్లోకొస్తే కణాల్లో చప్పుడు లేకుండా ఉండిపోతుంది. దాని డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి జన్యువులు మూతబడి ఉంటాయి. వైరస్‌దే ఒక ప్రొటీన్ వెళ్లి డీఎన్ఏని పట్టుకుంటే అవి తెరుచుకుంటాయి, వైరస్ లేస్తుంది. మిథైల్ గుర్తులుంటే ఆ ప్రొటీన్‌కి పట్టు దొరకదని మా ప్రొఫెసర్ నమ్మకం. డబ్బు కోసం పంపిన గ్రాంట్ దరఖాస్తులోనూ అదే రాశాడు. నేను ప్రయోగం చేస్తే ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఫలితం తలకిందులుగా వచ్చింది. గుర్తులున్న డీఎన్ఏనే ప్రొటీన్ గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే ఫిల్మ్ మీద పడే గీత నల్లగా కనిపిస్తోంది.

"ట్యూబులు మార్చేసి ఉంటావు. ఆ గీత తీసేయ్," అన్నాడు ప్రొఫెసర్. నా హెచ్‌వన్‌బీ వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆయన టేబుల్ మీద సంతకం కోసం ఉన్నాయి. తీసేద్దామనే అనుకున్నాను.

"నాకు భయంగా ఉందక్కా," అన్నాను ఆవిడతో.

"నాకు మాత్రం లేదా? చెయ్యి వణికితే ఆగు. ఆగి మళ్లీ మొదలుపెట్టు."

ట్యూబుల మీద అంకెలు మాత్రం వేసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే గీత.

ఫిల్ములు నా చేతిలోంచి తీసుకుని తనే ప్రొఫెసర్ గదిలోకి వెళ్లింది. ఆవిడ గ్రీన్‌కార్డ్‌కి కావలసిన ఉత్తరం ఆయనే రాయాలి. తెరిచి ఉన్న తలుపులోంచి ఆవిడ మాట వినిపించింది. "ఇది నేను దగ్గరుండి చేయించాను. తప్పుంటే నాది."

నా కాగితాల మీద ఆ వారమే సంతకమైంది. ఆవిడ ఉత్తరం పద్నాలుగు నెలలు ఆగింది. ఒకరోజు ఫోన్‌లో కూతురు ఏమడిగిందో, ఆవిడ ఫోన్ పెట్టేసి, శాంపిళ్లు దాచే కోల్డ్‌రూమ్‌లోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. ఆ తలుపు తీసే ధైర్యం నాకు లేకపోయింది.

"నా వల్లే కదక్కా," అన్నాను తర్వాత.

"నీ వల్ల కాదు, ఫిల్మ్ వల్ల. ఫిల్మ్‌తో పోట్లాడలేం కదా," అంది.

చివరికి వేరే ల్యాబ్ వాళ్లు అదే విషయం ప్రచురించారు. అప్పుడు గానీ ప్రొఫెసర్ మా పేపర్ జర్నల్‌కి పంపలేదు. పేర్లలో నాది మొదట, ఆవిడది మధ్యలో ఎక్కడో. ఉత్తరమూ అప్పుడే రాశాడు. కార్డ్ రాగానే ఆవిడ చాండ్లర్ వెళ్లి అక్కడి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ పాఠాలు చెప్పుకుంది. కూతురు యూనివర్సిటీకి వెళ్లేలోగా తల్లీకూతుళ్లు ఒకే ఇంట్లో ఉన్నది ఏడాది. ఆవిడ షికాగోలో ఇరుక్కుపోయిన ఆ పద్నాలుగు నెలల్లోనే నా ఉద్యోగం నిలబడింది. ఈ మాట ఆవిడ ముందు ఎప్పుడూ సరిగ్గా అనలేదు. ఇక్కడ అంటున్నాను.

అంత్యక్రియలకు చాండ్లర్ వెళ్లాను. ఆవిడ విద్యార్థులు చాలామంది వచ్చారు. అంతా అయిపోయాక కూడా ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఎండకు కాలిపోతున్న పార్కింగ్ లాట్‌లో, తాళాలు చేతిలో పట్టుకుని, తమ కార్ల పక్కనే నిలబడి ఉన్నారు.