అవ్వ సాగనంపిన పుట్టగొడుగు

మా బాటనీ మేడమ్ పోయారని మొన్న పొద్దున హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీలో ఆమె నాకు పాఠం చెప్పింది కొంతకాలమే, మా ఇంటికి చేసిన మేలు మాత్రం ఇంకా కాయలు కాస్తోంది.

పెనుకొండ దగ్గర మాకు మామిడితోట ఉంది. గాలి ఆపడానికి నాయన గట్టున సరుగుడు నాటాడు. ఒక ఏడాది ఆ వరసకు పక్కనున్న మామిడిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండసాగాయి. తోట పోతే మాకు వేరే ఆధారం లేదు. మేడమ్‌కు చెబితే ఆదివారమే బస్సెక్కి వచ్చేశారు.

ఎండిన మామిడిని వదిలేసి ఆమె పచ్చగా ఉన్న సరుగుడు దగ్గర ఆగారు. దాని మొదట్లో అరచేయంత పుట్టగొడుగు, చెక్కలా గట్టిగా, వార్నిష్ పూసినట్టు ఎర్రగా ఉంది. మా అవ్వ దానికి రోజూ పసుపు కుంకుమ పెడుతోంది.

"అమ్మోరు ఎలిసినాది తల్లీ, చెప్పులిడిసి రా" అంది అవ్వ.

మేడమ్ నిజంగానే చెప్పులు విడిచి కింద కూర్చున్నారు. మాకు నవ్వు ఆగలేదు. "ఎప్పుడు ఎలిసింది అవ్వా? మొదట తెల్లగా ఉండెనా?" అని ఒకటే ప్రశ్నలు. తర్వాత ఎండుతున్న మామిడి మొదట్లో మట్టి తీసి చూపించారు.

"ఈడ కూడా ఎలిసినాది చూడు అవ్వా."

అవ్వ ముఖం వాడిపోయింది.

"మందు కొడితే పోదా మేడమ్?" అన్నాడు నాయన.

"మందును నమ్ముకోవద్దప్పా. ఇది బూజు జాతిది. వేరుకు వేరు తగిలితే సరుగుడు నుంచి మామిడికి పాకుతాది. జబ్బు చెట్లను మొద్దులతో సహా పెరికి, నడుమ కందకం తవ్వండి."

అమ్మోరిని కదిలిస్తే ఊరుకోనంది అవ్వ. మేడమ్ వాదించలేదు. "నాతో పంపిస్తావా? బాగా చూసుకుంటా" అని కొంగు పట్టారు. అవ్వ ఆలోచించి, తాంబూలం పెట్టి మరీ సాగనంపింది. కాలేజీ ల్యాబ్ బీరువాలో అది కుంకుమతోనే ఉండేది. తుడవరేమని అడిగితే, "అవ్వకు మాటిచ్చినాను కదా" అనేవారు.

జబ్బు చెట్లు పెరికి కందకం తవ్వాక మిగతా తోట నిలిచింది. ఏటా పండ్లు తీసుకుపోతే, రుచి చూడకముందే చెట్ల మొదళ్ల సంగతి అడిగేవారు. చెట్టును పైనుంచి కాక కిందనుంచి చూడడం నాకు అలా అబ్బింది.

ఫోన్ పెట్టేసి తోటలోకి వెళ్లాను. కందకానికి ఇవతల, బాగా కాసే చెట్టు మొదట్లో ఆకులు తీస్తే గోరంత తెల్లటి బుడిపె కనిపించింది. అదేనో కాదో తేల్చుకోలేకపోయాను. ఫోటో తీసి, మేడమ్ నంబరు మీద వేలు పెట్టాక గుర్తొచ్చింది. దాని చుట్టూ మట్టిని నెమ్మదిగా తీస్తూ అక్కడే కూర్చుండిపోయాను.