కిటికీల రామలింగయ్య

వేంపల్లె బస్టాండు ఎదురుగా నోటుబుక్కులు, పెళ్ళికార్డులు అమ్మే రామలింగయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. అచ్చయిన కాగితం చేతికొస్తే దాన్ని చదవడు, కత్తిరిస్తాడు. అందులో పాతకాలం పద్ధతిలో తోక తిప్పిన అక్షరమో, పొట్ట ఉబ్బిన అంకెలో, గడియారం బొమ్మో కనబడిందంటే ఇక ఆ కాగితానికి ఆయుష్షు తీరినట్టే. అది పెళ్ళికార్డా, కర్మకాండ పత్రికా, కరెంటు బిల్లా అనే పట్టింపు ఆయనకు లేదు. ఆయన చేయి పడిన ప్రతి కాగితానికీ నడుమ ఒక చిన్న కిటికీ ఉంటుంది కాబట్టి ఊరంతా ఆయన్ని కిటికీల రామలింగయ్య అంటారు.

ఆత్మకూరులో ఆయన పినతల్లి మనవరాలి పెళ్ళి సంగతి రామలింగయ్య ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కార్డు వచ్చిన వారానికి భార్య కన్యకమ్మ అడిగింది.

"ఏమండీ, పెండ్లి ఎన్నో తేదీ?"

"కార్డులో ఉండాది చూడు."

"కార్డులో ఒకటి ఉండాది. దాని పక్కన కిటికీ ఉండాది."

"అబ్బ, ఆ అంకె శానా బాగుండె. ఆరో, తొమ్మిదో!"

"ఆరా, తొమ్మిదా?"

"ఇట్ల పెడితే ఆరు, అట్ల తిప్పితే తొమ్మిది. అదే కదా దాని అందం!"

పదహారున పోయారు. అదే కల్యాణమండపంలో ఇంకెవరిదో పెళ్ళి జరుగుతోంది. ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోతే ఏం మర్యాద అని రామలింగయ్య ముక్కూమొహం తెలియని జంట మీద అక్షింతలు వేసి, పంక్తిలో కూర్చుని భోంచేసి, తెచ్చిన స్టీలు బిందె వాళ్ళకే చదివించి వచ్చాడు. పంతొమ్మిదిన అసలు పెళ్ళివాళ్ళు ఫోన్ చేసి తిట్టిపోశారు. "మేమొచ్చినాం కదప్పా, మీరే మూడు దినాలు ఆలస్యం చేసినారు" అన్నాడాయన.

ఇంతకీ కత్తిరించినవన్నీ ఏం చేస్తాడంటే, గడియారాలు చేస్తాడు. అట్టముక్కను అన్నం పళ్ళెమంత గుండ్రంగా కోసి, దాని మీద తెల్లకాగితం అతికించి, టీ డికాక్షన్ పూసి ఆరబెడతాడు. పొద్దున తెల్లగా ఉన్న కాగితం సాయంత్రానికి తాతల నాటి దస్తావేజులా ముదిరిపోతుంది. అంచులు ఊదుబత్తితో అక్కడక్కడా కాలుస్తాడు. తర్వాత డబ్బాలో దాచిన అంకెల్ని ఒక్కొక్కటే తీసి, పెద్దమనుషుల్ని పీటల మీద కూర్చోబెట్టినంత మర్యాదగా చుట్టూ కూర్చోబెడతాడు. చివరికి నల్లట్ట ముళ్ళు రెండు మైదా బంకతో గట్టిగా అతికిస్తాడు. అవి తిరగవు. హాలులోనే అలాంటివి పదకొండు ఉన్నాయి. ఏ రెండూ ఒక మాట మీద ఉండవు.

"టీపొడంతా కాగితాలు తాగుతాండాయి, మైదాపిండంతా గోడలు తింటాండాయి. మనుషులకు మిగిలింది సంగటొకటి" అని కన్యకమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

వియ్యంకుడు కర్నూలు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు కిటికీలో గ్లాసు నిండా ఉన్న డికాక్షన్ తనకోసమే పెట్టారనుకుని తాగేశాడు. పెద్దమనిషి కాబట్టి మొహం కూడా చిట్లించలేదు. ఈ పక్క టీలో పాలూ చక్కెరా వేయరు కాబోలనుకున్నాడు. రామలింగయ్య ఖాళీ గ్లాసు చూసి పక్కన చేరి, "బావా, రంగు నిలబడాలని రోంత పటిక గూడా కలిపినా. కడుపులో ఎట్లుండాది?" అని ఆప్యాయంగా అడిగాడు.

ఆ వియ్యంకుడి కూతురే సుచరిత. బి.ఫార్మసీ చదివి, రామలింగయ్య కొడుకు కిరణ్‌కుమార్‌ను పెళ్ళాడి రెండేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చింది. అందరూ మామగారి కిటికీలకు నవ్వుతారు గానీ, ఆమెకు మాత్రం ఒక కిటికీ గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది.

పెళ్ళైన నెలకు అటక మీద నుంచి మిగిలిన శుభలేఖల కట్ట దింపింది. మొత్తం నూట ఇరవై. మామగారే దగ్గరుండి అచ్చువేయించిన కార్డు అది. ఆమె పేరులోని 'సు' ఊదారంగులో, బంగారు అంచుతో, కింద తోక మూడు మెలికలు తిరిగి ఎంతో ముచ్చటగా ఉండేది. ఉండేది అనే చెప్పుకోవాలి. నూట ఇరవై కార్డుల్లోనూ సరిగ్గా అక్కడే కిటికీ. చిరంజీవి కిరణ్‌కుమార్ నిక్షేపంలా ఉన్నాడు, పక్కన ఉత్త 'చరిత' నిలబడి ఉంది.

"నాన్నకు అక్షరం నచ్చింటాది, అంతే" అన్నాడు కిరణ్.

"నూటిరవై సార్లు నచ్చిందా?"

అతను కట్టను మళ్ళీ అటక మీదికి ఎక్కించాడు. సుచరిత తన దగ్గరున్న ఒకే ఒక్క మంచి కార్డును ప్లాస్టిక్ కవరులో చుట్టి, పట్టుచీరల అడుగున దాచి, బీరువాకు తాళం వేసింది. పైకి అనలేదు గానీ, ఈ ఇంట్లో తన పేరు తీసి పారేశారనే అనుకుంది. ఆ బాధతోనే రెండేళ్ళూ మామగారికి మర్యాదగా కాఫీ ఇచ్చింది.

ఏడాది తర్వాత పుస్తకాల అంగడికి రెండు షట్టర్ల అవతల మందుల షాపు తెరిచింది. లైట్లు వెలిగే బోర్డు పెట్టించుకోవాలని ఆమె ముచ్చట. అది వినకుండానే రామలింగయ్య బోర్డులు రాసే పెద్ద ఈరన్నను పిలుచుకొచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని మరీ రాయించాడు. బోర్డు సగం మేర గుమ్మడికాయంత 'సు', అదే తోక, అవే మూడు మెలికలు. మిగతా అక్షరాలు దాని వెనక చీమల్లా నక్కి ఉన్నాయి.

"మామా, దూరం నుంచి చూస్తే సు ఒక్కటే కనబడతాండాది!"

"సాలు కదమ్మా" అన్నాడాయన సంతోషంగా.

కార్డుల్లోంచి తీసేసిన అక్షరాన్ని బోర్డు మీద గుమ్మడికాయంత ఎందుకు రాయించాడో ఆమెకు అర్థం కాలేదు. ఆయన చేసేవాటిలో అర్థమైనవి ఎన్ని ఉన్నాయి కనుక అని ఊరుకుంది.

షాపు బాగా నడిచింది. సుచరిత పని శుభ్రంగా చేస్తుంది. ప్రతి మందుల కవరు మీదా ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి, తిన్నాకా తినకముందా అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, "అర్థమైందా?" అని అడుగుతుంది. అందరూ తలూపుతారు. తలూపినవాళ్ళలో సగం మంది, ముఖ్యంగా ఏటి ఒడ్డు వీధి ముసలివాళ్ళు, అటునుంచి అటే రామలింగయ్య అంగడికి పోతారు. కాసేపటికి పాత పేపర్లో చుట్టిన గుండ్రటి అట్టలు చంకన పెట్టుకుని బయటికొస్తారు. ఆమెకు ఒళ్ళు మండేది.

"మామా, ముల్లు తిరగని గడియారాలు వాళ్ళకేంటికి?"

"తిరిగేవి వాళ్ళ ఇండ్లల్లో ఉండాయమ్మా. అవి యాడ నిలబడాలో తెలియొద్దా?"

ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు. కత్తెర కిర్రుమనిపిస్తూ చూపు తిప్పుకుంటాడు.

ఇలా ఉండగా షాపు చూడ్డానికి డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడకు తగిలించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమ్మా, నీ రిజిస్ట్రేషన్ నంబర్లో ఈ కిటికీ ఏంది?"

చివరి ఎనిమిది లేదు. కాగితాన్ని ఫ్రేములోంచి తీసి, నీటుగా కత్తిరించి, మళ్ళీ ఫ్రేములో పెట్టారు. అదృష్టం బాగుండి అది జిరాక్సు. అసలు కాగితం కర్నూలులో నాన్న దగ్గర ఉంటే, మర్నాటికి తెప్పించి చూపించే సరికి సుచరిత ప్రాణం పోయినంత పనైంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, రెండేళ్ళుగా అననిదంతా అనేసింది.

"నా పేరు తీసేసినారు, ఊరుకున్నా. ఇప్పుడు నా నంబరు గూడా తీసేసినారు. నేను ఈ ఇంట్లో ఉండేదా, కిటికీలోంచి పోయేదా మామా?"

రామలింగయ్య మొహం చిన్నబోయింది. "ఆ ఎనిమిది దూరానికి గూడా బాగా కనబడుతుందనీ..." అని గొణిగి, జేబులోంచి కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇంక ముట్టుకోనని మాటిచ్చాడు. సుచరిత దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేసింది.

పది రోజులు ఇల్లు పద్ధతిగా నడిచింది. కిరణ్‌కు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి క్రికెట్ స్కోరు పూర్తిగా చదవడానికి దొరికింది. టీ టీలాగే ఉంది. అయినా కన్యకమ్మకు ఏమీ తోచలేదు. "కిర్రుకిర్రు లేకపోతే ఈయప్ప ఇంట్లో ఉండాడో లేడో తెలీడం లేదే" అంది. రామలింగయ్య అంగట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా పెళ్ళికార్డు చూపిస్తే కళ్ళు మూసుకునేవాడు.

పదకొండో రోజు పొద్దున ఏటి ఒడ్డు వీధి నుంచి శ్రీకాంత్ అనే అతను వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మను ఆటోలో తెచ్చాడు. ఇంట్లో కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరు దగ్గర గ్లూకోజు ఎక్కించుకుని, నేరుగా మందుల షాపుకు వచ్చారు. రాత్రి బీపీ మాత్ర బదులు షుగరు మాత్రే మళ్ళీ మింగి, సంగటి తినకుండా పడుకుందట.

"ఇంకో గంట చూసుకోకుంటే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు" అన్నాడు శ్రీకాంత్.

సుచరిత కౌంటరు దాటి బయటికొచ్చింది. "కవరు మీద అంత వివరంగా రాసినా కదమ్మా!"

"రాసినావు తల్లీ. నాకది చీమలబారు మాదిరి ఉంటాది."

"అర్థమైందా అంటే తలూపినావే!"

"అంతమందిలో చదువు రాదని యాడ చెప్పుకునేది?" నాగలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మామ రామలింగయ్య శెట్టి చేసిచ్చిన గడియారాలుంటే ఒక్క దినం గూడా తప్పలేదమ్మా. మొన్న వాటిని మేక తినె. బంక రుచి మరిగింది దొంగముండ. ఇంకోటి చేసియ్యప్పా అని శెట్టిని అడిగితే కత్తెర లేదన్నాడు. నోటితో చెప్పినాడు గానీ, ఇంటికి పోయేలోపల మర్చిపోయినా. కత్తెర లేని శెట్టి ఉంటాడామ్మా యాడన్నా?"

సుచరిత షాపు కిరణ్‌కు అప్పగించి అదే ఆటోలో వాళ్ళ వీధికి పోయింది. నాగలక్ష్మమ్మ పక్కింట్లో ఏసుమణి అనే ఆమె గోడ చూపించింది. నడుమ తిరిగే గడియారం. దానికి అటూ ఇటూ రెండు కాగితపు గడియారాలు. ఒకదాని ముళ్ళు పొద్దున ఏడు మీద, దాని కింద సూర్యుడి బొమ్మ, పళ్ళెం బొమ్మ, ఖాళీ అయిన షుగరు మాత్రల షీటు ముక్క. రెండోదాని ముళ్ళు రాత్రి ఎనిమిది మీద, కింద చందమామ, బీపీ మాత్రల షీటు ముక్క.

"పెద్ద గడియారం ముండ్లు ఈ చిన్నదాని మాదిరి వచ్చినప్పుడు ఈ మాత్ర. అంతే" అంది ఏసుమణి, చాలా సులభమైన లెక్క చెప్పినట్టు.

ఆ ఎనిమిది సుచరిత సర్టిఫికెట్‌లోది. ఆమె దాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. రెండు గడియారాల నెత్తినా కిరీటంలాగా ఊదారంగు 'సు' ఉంది, బంగారు అంచుతో, మూడు మెలికల తోకతో.

"ఇది..." అంటూ దాని మీద వేలు పెట్టింది.

"నీ బొమ్మే కదమ్మా! అనుమానమొస్తే ఏదీ మింగొద్దు, ఈ బొమ్మ ఏ అంగడి మీద పెద్దగా ఉంటే ఆడికి పోండి, ఆడ నా కోడలుంటాది, దానికి తెలీని మందు లేదు అన్నాడు శెట్టి. ఈ వీధిలో అందరి గోడల మీదా నువ్వే ఉండావు."

సుచరితకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. తీసి పారేశారనుకున్న పేరును నూట ఇరవై గడియారాల నెత్తిన పెట్టి ఇంటింటికీ పంచిపెట్టాడు ఈ మనిషి.

మధ్యాహ్నం బీరువా తెరిచి, కత్తెరా, ప్లాస్టిక్ కవరూ తీసుకుని పుస్తకాల అంగడికి పోయింది.

"నాకెందుకు చెప్పలేదు మామా?"

"వాళ్ళు వద్దన్నారమ్మా. చదువుకున్న పాప ముందర సిగ్గంట. నేను మాటిచ్చినా." ఆయన కత్తెర వైపు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నీకు గూడా మాటిచ్చినా."

"ఆ మాట మీకు వాపసిస్తాండా. నాగలక్ష్మమ్మకు గడియారాలు కావాల. రేపటి నుంచి చదువు రానోళ్ళు ఎవరో నేనే మెల్లగా అడిగి మీ దగ్గరికి పంపిస్తా. కవరు మీద రాసేది, గోడ మీద పెట్టేది ఇద్దరమూ కలిసి చేద్దాం."

ఆమె కవరులోంచి శుభలేఖ తీసింది. రామలింగయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంకోటి ఉండిందా! నూటిరవయ్యే అనుకున్నానే!" అని, అంతలోనే తల అడ్డంగా తిప్పాడు. "ఇదే కడాదమ్మా, ఇంక లేవు. నువ్వు దాచిపెట్టుకున్నది. వద్దు."

"ఉండండి, నేనే కోస్తా."

సుచరిత స్టూలు మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక శుభలేఖకు కిటికీ పెట్టింది. మామగారు మెడ చాచి, ఊపిరి బిగబట్టి చూశాడు. మూడో మెలిక దగ్గర ఆమె చేయి జారింది. ఆయన ఆ అక్షరాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"తోక రోంత తెగింది" అన్నాడు. కోడలి మొహం చూసి వెంటనే సర్దుకున్నాడు. "ఏం పర్వాలేదులేమ్మా. మేకకు తెలీదు."