హెడ్‌ఫోన్‌కు ఆముదం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడో మూడో ఏడో, ఎండాకాలంలో, నన్ను మార్కాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజికి మెకానిక్‌గా వేశారు. అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. పై అధికారి లేని చిన్న ఎక్స్ఛేంజిలో మెకానికే ఇన్‌ఛార్జి. బ్యాటరీల్లో నీళ్లు పోయడం, ఆపరేటర్ల తగాదాలు తీర్చడం రెండూ నా పనులే. మొదటిది తేలిక.

డయల్ లేని రోజులవి. చందాదారు తన ఫోను పిడి తిప్పితే మా స్విచ్‌బోర్డు మీద అతని నంబరు దగ్గర చిన్న రేకు మూత పడేది. ఆపరేటరు అక్కడ ప్లగ్గు గుచ్చి, ఎవరు కావాలో అడిగి, జతగా ఉన్న రెండో ప్లగ్గును ఆ నంబరులో గుచ్చాలి. అంతా వినికిడి మీద నడిచే పని. పక్క గోడకు ఆనుకొని పలకల కార్ఖానా ఉండేది. రాయి కోసే రంపం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ ఆగేది కాదు. చోటు చూసి ఎక్స్ఛేంజి పెట్టిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు, తెలిస్తే ఒక మాట అడిగేవాణ్ణి.

ఆపరేటర్లు ఇద్దరు. సీనియరు రంగయ్యది గిద్దలూరు. జూనియరు కొండయ్యది హనుమంతునిపాడు పక్కన పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. ఆ ఇంట్లో నెలజీతం ఎరిగిన మొదటి మనిషి అతనే. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు, అంటే పని నచ్చకపోతే ఇంటికి పంపేయవచ్చు.

నేను వెళ్లిన కొద్ది రోజులకే స్టోర్సు నుంచి రెండు కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాయి. ఉక్కు పట్టీ, లోపల సన్నని రేకు అదిరి మాట వినిపించే రెండు రిసీవర్లు, చెవుల మీద ఆనడానికి వాటి చుట్టూ తోలు దిండ్లు. ఒకటి స్పేరుగా బీరువాలో పెట్టాను. రెండోది న్యాయంగా రంగయ్యకు చెందాలి, ఆయన సెట్టు దిండు చీలి దూది బయటికి వచ్చింది. ఆయన మాత్రం దాన్ని కొండయ్య చేతిలో పెట్టాడు. అక్కడ ఆనవాయితీ అది. కొత్త సెట్టు మొదట్లో గరగరలాడుతుంది, జూనియరు వాడి దారికి తెస్తాడు, వచ్చాక సీనియరు తీసుకొని తన పాతది జూనియరుకు ఇస్తాడు. దారికి రావడానికి ఎంతకాలం పడుతుందని అడిగాను.

"రెండు నెలలు సార్. లోపల రేకు వదులు కావాల గదా. కొత్త చెప్పులు గూడ అంతే," అన్నాడు రంగయ్య.

రెండు నెలలు కాకముందే కొండయ్య మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పలకల వ్యాపారి ఒకాయన బియ్యం మిల్లు అడిగితే తాలూకా ఆఫీసు కలిపాడట. తహసీల్దారు గారు స్వయంగా ఎత్తి, బియ్యం ధర విన్నారట. కబురు కర్నూలు దాకా పోయింది. అధికారి వచ్చి కొండయ్యను బోర్డు మీద కూర్చోబెట్టి పరీక్షిస్తారనీ, ఫలితాన్ని బట్టి ఉంచడమో పంపడమో తేలుస్తారనీ ఉత్తరం వచ్చింది.

"దీంట్లో రంపమే ఇనపడతాది సార్, మనుషులు ఇనపడరు," అన్నాడు కొండయ్య. "నన్ను చదివించను మా నాయన సగం మంద అమ్మినాడు. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని పోవాల?" నాకూ బాధ కలిగింది, కానీ మీటరు పెట్టి చూస్తే సెట్టులో లోపం కనపడలేదు.

మరునాడు ఆఫీసులో అడుగుపెట్టగానే ఆముదం వాసన కొట్టింది. కొండయ్య నున్నగా మెరిసే హెడ్‌ఫోన్‌తో కూర్చొని చకచకా కాల్స్ కలుపుతున్నాడు.

"ఏందిది?" అన్నాను.

"కొత్త చెప్పుల మాదిరే అన్నాడు గదా సార్ రంగయ్య మామ. మేము కొత్త చెప్పులకు ఆముదం పట్టించి రాత్రంతా పెడతాము. దిండ్లకు వంపు రావాలని కడవకు తొడిగి పెట్టినా. ఇప్పుడు ఊరు ఊరంతా ఇనపడతాంది!"

సర్కారు సొత్తుకు ఆముదం పూసినందుకు మెమో ఇవ్వాలి. ఇచ్చే ముందు బీరువాలోని స్పేరు సెట్టు తెచ్చి బోర్డుకు తగిలించి విన్నాను. రంపం హోరు. రెండు అరచేతులతో రిసీవర్లను చెవులకు గట్టిగా అదిమాను. రంపం ఆగినట్టయింది, మాట గంట కొట్టినట్టు వినపడింది. రిసీవరు మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. గట్టి తోలు చెవికి ఆనక, సందులోంచి రంపం చొరబడుతోంది, అంతే. పాత సెట్లు బాగుండడానికి కారణం ఏళ్ల తరబడి అవి తాగిన తలనూనె. మెమో రాయలేదు.

రంగయ్య డ్యూటీకి వచ్చాడు, సెట్టు పెట్టుకొని విన్నాడు, "దారికి వచ్చింది," అని తీర్మానించి ఉంచేసుకున్నాడు. కొండయ్యకు దూది సెట్టు మిగిలింది. పరీక్ష అయ్యేదాకా ఆగమని రంగయ్యకు చెప్పాను.

"నేను జూనియరుగ ఉన్నప్పుడు ఎన్ని సెట్లు దారికి తెచ్చి ఇచ్చినానో మీకు తెల్వదు సార్. ఒక్కరన్నా నాకు ఇంకో నాలుగు దినాలు ఉండనిచ్చినారా?" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు.

స్పేరు సెట్టుకైనా ఆముదం పట్టిద్దామనుకుంటుండగానే, చెప్పిన రోజుకంటే ముందే అధికారి దిగారు. బోర్డు మీద రంగయ్య ఉన్నాడు. జూనియర్ని కూర్చోమన్నారు. కొండయ్య దూది సెట్టు పట్టుకొని ముందుకు వచ్చాడు. రంగయ్య కుర్చీలోంచి లేచాడు, తలమీది సెట్టు తీశాడు, ఒక్క క్షణం దాన్నే చూశాడు. తర్వాత కొండయ్య చేతిలోది తాను లాక్కొని, తనది అతని తలకు తొడిగాడు.

"కూచో అల్లుడా," అన్నాడు.

ఒక్క కాల్ కూడా తప్పు పోలేదు. అధికారి తానూ సెట్టు పెట్టుకొని విని మెచ్చుకున్నారు. వాసన గురించి అడగలేదు, పెద్దవాళ్లు అడగరు. కొత్త సెట్టు ఇంత చక్కగా పలకడానికి ఎన్నాళ్లు పట్టిందన్నారు.

"రెండు నెలలు సార్. పిల్లోడు ఓపిగ్గా దారికి తెచ్చినాడు," అన్నాడు రంగయ్య.

కొండయ్య నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు. నేనూ మూసుకునే ఉన్నాను. కొత్త సెట్లను రెండు నెలలు జూనియర్లతో వాడించాలని అధికారి తనిఖీ నోటులో రాసి వెళ్లారు. కొండయ్య ఉద్యోగం ఖాయమైంది. రంగయ్య ఆ సెట్టు మళ్లీ అడగలేదు. స్పేరు దానికి నేనే ఆముదం పట్టించి ఆయనకిచ్చాను.

కొన్నేళ్లకు నాకు బదిలీ అయింది, రంగయ్య రిటైరయ్యాడు. ఒకసారి త్రిపురాంతకం లైను పని మీద పోతూ మార్కాపురంలో ఆగాను. సీనియరు కుర్చీలో కొండయ్య ఉన్నాడు, తల మీద ఆనాటి ఆముదం సెట్టే, ఇప్పుడు దాని దిండూ చీలింది. పక్కన కొత్తగా చేరిన ఆపరేటరు కొత్త సెట్టు సర్దుకుంటూ, ఈ గరగర ఎప్పుడు పోతుందన్నా అని అడుగుతున్నాడు.

"రెండు నెలలు పడతాది తమ్ముడా," అన్నాడు కొండయ్య, నా వైపు చూడకుండా.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. కొత్త హెడ్‌ఫోన్ లోపలి రేకుకు ఏ గడువూ అక్కర్లేదు. తోలు మెత్తబడడానికి ఒక రాత్రి, కాస్త ఆముదం చాలు. మిగతా రెండు నెలలూ సీనియారిటీ.