చిన్నత్త పూలు పెట్టుకున్న పండుగ

మొన్న హైదరాబాదులో మా డాన్స్ థెరపీ హాలుకు రంగు గుడ్డల మూట ఒకటి వచ్చింది. మాట పెగలని మనుషుల చేతికి ముందు ఒక గుడ్డ ఇస్తాం, అది ఊగితే చెయ్యి ఊగుతుంది, చెయ్యి ఊగితే భుజం కదులుతుంది, మా పని అక్కడ మొదలవుతుంది. మూట విప్పగానే ఇంకా పోని అద్దకం వాసన ముక్కుకు కొట్టి, సిరిసిల్లలో మా ఇంటి వెనక నూలు అద్దే బానల దగ్గర నిలబడ్డట్టయింది. సరిగ్గా అప్పుడే నా తోటి థెరపిస్టు కొత్తగా చేరిన పిల్లలకు నన్ను పరిచయం చేస్తూ, "మేడమ్ వాళ్ళ చిన్నత్త కాళ్ళు పడిపోతే బతుకమ్మ ఆడించి లేపారట, మేడమ్ ఈ వృత్తిలోకి రావడానికి అదే కారణం" అంది.

కాదు. ఈ కథను మా చుట్టాలు పెళ్ళిళ్ళలో చెప్పుకొని చెప్పుకొని నున్నగా చేశారు. మన అవ్వలకు ఈ వైద్యాలన్నీ ముందే తెలుసని మురిసిపోవడానికి పనికొస్తుంది కనుక నేనెంత కాదన్నా ఎవరూ వినరు. మా నాయినమ్మకు తెలిసింది పూలు పేర్చడం, సద్ది కలపడం, కోడలి మీద నోరు చేసుకోవడం. వైద్యం తెలియదు. అందుకే జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడుతున్నాను.

అవి సిరిసిల్లలో చేమగ్గాలు మూలపడి, మేం సాంచెలనే కరెంటు మగ్గాలు ఇంటింటికీ వస్తున్న రోజులు. మా ఇంట్లో ముందు గది సాంచెలది, వెనక గది మనుషులది. కరెంటు ఉన్నంతసేపూ ఆ టకటకలో అరుచుకునే మాట్లాడుకునేవాళ్ళం, కరెంటు పోతే ఒకరి గొంతు ఒకరికి కొత్తగా వినిపించేది. వానలు వెనకపట్టి గట్ల మీద గునుగు తెల్లగా విరిసేసరికి పిల్లలమంతా కొడవళ్ళు పట్టుకొని పోయి మోపులు మోసుకొచ్చేవాళ్ళం. ఆ గునుగును మా వాడలో నూలు అద్దే రంగుల్లోనే ముంచేవాళ్ళు. పండుగ పోయినా వేళ్ళ మీది ఎరుపూ నీలం పోయేవి కావు, బడిలో పంతులమ్మ గోళ్ళు చూసి సాలోళ్ళ పిల్లలెవరో చెప్పేది. ఇంట్లో నువ్వులు వేగుతున్న వాసన, నెయ్యి వేసి ముద్దలు కట్టిన మలీద, చింతపండు పులుసు కలిపిన సద్ది. ఇవి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

చిన్నత్త మా బాపు చెల్లెలు. కోరుట్లకు ఇచ్చారు. పండుగకు పుట్టింటికి వచ్చిందంటే, ఆమె అడుగు వేసే ఊపును బట్టే వాడంతా పాట ఎత్తుకునేది. మామ సైకిలు మీద చీరల మూట కట్టుకొని కొడిమ్యాల, బీర్పూర్ అంగళ్ళు తిరిగి అమ్మేవాడు. ఆ ఏడు వానాకాలంలో బీర్పూర్ అంగడికి పోయినవాడు తిరిగి రాలేదు. పోలీసులు జీపులో ఎక్కించుకున్నారని కొందరు, లోపలికి పోయాడని కొందరు. లోపలికి అంటే అడవిలోకి, దళంలోకి. ఆ మాటకు అర్థం మా వాడలో అక్షరాలు రాని పిల్లలకు కూడా తెలుసు. శవం దొరకలేదు, కబురు రాలేదు. కొన్నాళ్ళకు చిన్నత్తను మా ఇంటికి తెచ్చారు. గోడకు ఆనుకొని కూర్చునేది, లేవమంటే కాళ్ళు లేచేవి కావు. జగిత్యాల డాక్టరు మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, నరాలు బాగానే ఉన్నాయి, తీసుకుపోండి అన్నాడు.

అంతలో పండుగ వచ్చింది. చావు జరిగిన ఇంటివాళ్ళు ఆ ఏడు బతుకమ్మ ఆడరు. మరి మాది చావు జరిగిన ఇల్లా, కాదా?

"ఆడకుంటె పిల్లగాడు సచ్చిండని మనమే సాటింపు ఏసినట్టయితది" అంది నాయినమ్మ.

"ఆడితె, మొగడు దొంగతనంగ ఇంటికచ్చి పోతుండంటరు పోలీసోళ్ళు. గప్పుడేం జెప్తవ్ అత్తా?" అంది అమ్మ.

"నీకు తెలివి ఎక్కువైంది తియ్యి."

అమ్మ మాటలో అతి లేదు. మనిషి జాడలేని ఇళ్ళల్లో పోలీసులు ఆడవాళ్ళ కొప్పులోకి కూడా చూసేవాళ్ళు ఆ రోజుల్లో.

"దాన్నే అడుగుండ్రి" అన్నాడు బాపు. ఎవరూ అడగలేదు. నాయినమ్మ మాటే నెగ్గింది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం అమ్మా నాయినమ్మా చిన్నత్తను చంకల కింద పట్టుకొని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. నేను పక్కన. ఎదురింటి లసుమక్క బతుకమ్మల చుట్టూ వలయంలో తిరుగుతూ, "ఏందే, పెండ్లిపిల్ల లెక్క కూసున్నవ్, మేమే అచ్చి నీ కాళ్ళు మొక్కాల్నా?" అని వెక్కిరించింది. ఆడవాళ్ళు నవ్వారు. చిన్నత్త నవ్వలేదు. ఆమె కుడి కాలి బొటనవేలు నేలను అదమడం నేను చూశాను. తర్వాత మడమ. పాట దరువు ఒకటి, ఆమె కాలి దరువు వేరే. కాసేపటికి నాతో, "బిడ్డా, గా బంతిపువ్వు ఇటియ్యి" అంది. తనే తలలో పెట్టుకుంది. గోడ పట్టుకొని లేచి, లసుమక్కకూ అమ్మకూ మధ్యకు పోయి ఒక చుట్టు తిరిగింది, అందరికన్నా వెనకబడి చప్పట్లు కొడుతూ. నాయినమ్మ బోరుమని ఏడ్చింది.

చుట్టాల కథ ఇక్కడ ఆగిపోతుంది.

తెల్లారి చిన్నత్త మళ్ళీ గోడకే ఆనుకొని కూర్చుంది. కాళ్ళు ఎప్పటిలాగే. పండుగ పోయిన వారానికి పోలీసులు వచ్చారు.

"ఏమ్మా, పూలు పెట్టుకొని ఆడినవంట. ఎవలొచ్చిండ్రని?"

"ఆడిపిల్ల పువ్వు పెట్టుకుంటె గదిగూడ కేసేనా సారూ?" అంది నాయినమ్మ.

బాపును జీపు ఎక్కించుకొని పోయారు. మర్నాడు రిక్షాలో తెచ్చి దింపారు. అరికాళ్ళు ఉబ్బి, తోలు మెరుస్తూ ఉంది. ఆ పువ్వు ఎంత పని చేసిందని నాయినమ్మ మొదలుపెడితే బాపు కసిరాడు: "కొట్టినోనికి లేని సిగ్గు దానికెందుకే?"

సాంచె నిలబడి నడపాల్సిన పని. రెండు సాంచెల మధ్య సందులో అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు అతకాలి, నూలు కండె అయిపోతే మార్చాలి. బాపు కాళ్ళు నేల మీద పెట్టలేడు. అమ్మకు నెలలు నిండుతున్నాయి. నూలిచ్చిన ఆసామి గుమ్మంలో నిలబడి గుడ్డ ఏదని అడిగిన పూట, చిన్నత్త గోడ పట్టుకొని లేచి ముందు గదిలోకి పోయింది. అక్కడ పాటా లేదు, చప్పట్లూ లేవు. సాంచె చట్రం పట్టుకొని నిలబడింది, మరునాడు పట్టుకోకుండా నిలబడింది. ఆ చలికాలమంతా ఆ సందులోనే నడక నేర్చుకుంది. బాపు మాత్రం మళ్ళీ అరికాలు మొత్తం ఆనించి నడవలేదు, మడమల అంచుల మీదే నడిచాడు, పోయేదాకా.

కనుక ఆట నయం చేసిందని ఎవరైనా అంటే నాకు ముందు మా బాపు కాళ్ళు గుర్తొస్తాయి. నా దగ్గరికి వచ్చినవాళ్ళకు నయమవుతుందని నేను మాటివ్వను. వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ ఊపిరి ఎంత నిదానంగా ఉంటే అంత నిదానంగా కదులుతాను. వాళ్ళు కదిలినప్పుడు ఎవరు చూస్తారో, ఇంటికి పోయాక ఏమవుతుందో కూడా అడుగుతాను. ఇది ఏ కోర్సులోనూ చెప్పలేదు.

ఇప్పుడు మా వాడలో సాంచెలున్న ముందు గదులు షట్టర్ల దుకాణాలయ్యాయి. గునుగు కట్టలు రంగు వేసే అమ్ముతున్నారు. పాట పెట్టెలోంచి వస్తుంది కనుక ఆడవాళ్ళు నోరు విప్పనక్కర్లేదు. అరుగులు రోడ్డు కింద పోయాయి. చిన్నత్త జగిత్యాలలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది, చకచకా నడుస్తుంది. మామ రాలేదు. ఆమె మెట్టెలు తీయలేదు, కానీ ఆ పండుగ తర్వాత తలలో పువ్వు పెట్టుకోగా నేను చూడలేదు. పోయిన ఏడు ధైర్యం చేసి అడిగాను, ఆ పొద్దు ఎందుకు లేచినవ్ అత్తా అని.

"సదువుకున్నదానివి, కాళ్ళ సంగతి నీకే ఎరుక గదనే, నువ్వే జెప్పు" అని చాయ్ పెట్టడానికి లేచిపోయింది.

నాకు తెలియదు. మామ బతికే ఉన్నాడని మా అందరికీ చెప్పడానికి పెట్టుకుందా ఆ పువ్వు, లేక ఇక రాడని అప్పటికే తెలిసి, ఆఖరుసారి పెట్టుకుందా?